బరంపురంలో పాత సినిమా తారల నాటకం: నవ్వు సరే, ఆ ట్రాకులు ఎందుకు?

పాతకాలం సినిమా స్టార్ల దర్జా మీద వేసిన ఈ సంగీత హాస్య నాటకం మన బరంపురంలో మళ్లీ పడితే తప్పకుండా వెళ్లండి. ఫస్టాఫ్ ఒక్కదానికే టికెట్ డబ్బులు వచ్చేస్తాయి. సెకండాఫ్ మీద మాత్రం నాకు గట్టి ఫిర్యాదే ఉంది.

కథ 1930ల నాటి మద్రాసులో జరుగుతుంది. స్టేజీ మీద పద్యాలు పాడి పేరు తెచ్చుకున్న ఒకాయన టాకీల్లో పెద్ద హీరో అయిపోయాడు. యాభై దాటాయి, అయినా ప్రహ్లాదుడి వేషం తనకే కావాలంటాడు, ఇవ్వకపోతే షూటింగుకి రానంటాడు. ఇక హిరణ్యకశిపుడి వేషం ఎవరూ దొరక్క టీ తెచ్చే బక్కపల్చటి కుర్రాడికి కిరీటం పెడతారు. డబ్బు పెట్టేది బరంపురం పట్టు వ్యాపారి, కొట్టు తాకట్టు పెట్టి మరీ రైలెక్కాడు. 1936 దాకా మనమూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం కాబట్టి అది అతికించినట్టు లేదు, చక్కగా కుదిరింది.

తెలుగులో తొలి టాకీ 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద కాబట్టే ఈ కథ ఎంచుకుని ఉంటారు. కానీ గంజాం జనానికి ఇందులో ఇంకో రుచి ఉంది. మన పల్లెల్లో ప్రహ్లాద నాటకం రాత్రంతా ఆడతారు, హిరణ్యకశిపుడు మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ గర్జిస్తుంటే పిల్లలు అమ్మ కొంగు పట్టుకునేవాళ్లు. అలాంటి రాజును చూసి పెరిగినవాళ్ల ముందుకి ఈ బక్క కుర్రాడు కిరీటం జారకుండా రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతుంటే హాలంతా పగలబడి నవ్వింది. మా వెనక వరసలో ఒడియా కుటుంబం ఒకటి కూర్చుంది. తెలుగు ఎంత అర్థమైందో గానీ ఆ సీనుకి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వాళ్లే.

ఇక మైకు సీను. తొలి టాకీల్లో పాటను విడిగా రికార్డు చేసి తర్వాత కలిపే పద్ధతి లేదు, వాద్యాలవాళ్లు కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చుని వాయిస్తుంటే నటులే అక్కడికక్కడ పాడాలి. నాగయ్య, కన్నాంబ లాంటివాళ్లు నాటకాల నుంచి వచ్చి సొంత గొంతుతో పాడి నిలబడ్డారు. ఈ కథలో లీలావతి వేషం వేసే పెద్ద హీరోయిన్ మూకీల నుంచి వచ్చింది, అందం ఉంది గానీ పాట రాదు. అందుకని కోరస్‌లో పాడే అమ్మాయిని సింహాసనం వెనక కూర్చోబెడతారు, పూలకుండీలో మైకు దాస్తారు. యాభై ఏళ్ల కొడుకుని ఒళ్లో పెట్టుకుని హీరోయిన్ జోలపాటకి పెదవులు కదుపుతోంది, ఇంతలో వెనక అమ్మాయికి దగ్గు వచ్చింది. హీరోయిన్ ఒక్క క్షణం బిగుసుకుపోయి, వెంటనే తనే దగ్గినట్టు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ టైమింగ్ చూసి తీరాలి. ఆవిడ ఎవరో గానీ ఎన్నో ఏళ్లు స్టేజీ ఎక్కిన మనిషి అయ్యుండాలి.

ఇదంతా లైవ్‌లో నడిచింది. హార్మోనియం, తబలా స్టేజీకి ఎడమ పక్క కిందే పెట్టారు. హీరో రాగం తీసి తీసి వదలకపోతే హార్మోనిస్టు అదే మెట్టు మీద వేలు పెట్టి, తలెత్తి ఆయన మొహం వంకే చూస్తూ కూర్చున్నాడు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడారు కూడా.

ఇంటర్వెల్ తర్వాత ఏమైందో గానీ పాటలన్నీ ట్రాకులే. స్పీకర్లలోంచి పెద్ద ఆర్కెస్ట్రా వస్తుంటే నటులు పెదవులు కదిపారు, హార్మోనిస్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మామూలు నాటకమైతే సర్దుకుపోదాం. అరువు గొంతుతో బతికే స్టార్ల మీద నవ్వించే నాటకంలో ఇదేం పని? అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది చివరి పాట. అవకాశాలు పోయిన హీరోయిన్ రంగు కడుక్కుని, మొట్టమొదటిసారి తన సొంత గొంతుతో పాడాలి. గొంతు బొంగురుగా ఉన్నా, శ్రుతి తప్పినా, ఆ సీనుకి అదే ప్రాణం. అక్కడ కూడా స్టూడియోలో నున్నగా చేసిన వేరే ఎవరిదో గొంతు వేశారు. అంతసేపూ ఆవిడ మీద కట్టిన కథంతా ఆ ఒక్క బటన్‌తో నీరుగారిపోయింది. ఆవిడ మాట్లాడే గొంతు మనకి రెండు గంటల నుంచి తెలుసు కదా, ఎవరికి తెలియదు ఆ తేడా?

నిర్వాహకులకి నా మనవి ఇదే. ఆర్కెస్ట్రా అక్కర్లేదు, ఆ పాటకి హార్మోనియం చాలు, వాద్యం ఏమీ లేకపోయినా ఫరవాలేదు. ఆవిడని పాడనివ్వండి. హీరోకి సెకండాఫ్‌లో వరసగా పెట్టిన మూడు సన్మానాల సీన్లలో రెండు తీసేస్తే టైమ్ కూడా కలిసొస్తుంది, బిరుదులు పెరుగుతూ పోయే జోక్ మొదటిసారే అందరికీ అందింది.

టికెట్ 150 రూపాయలు. పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, బూతు ఒక్క ముక్క లేదు. కుదిరితే ఎడమ వైపు ముందు వరసల్లో కూర్చోండి, హార్మోనిస్టు మొహం కనపడుతుంది. రాయగడలో, జయపురంలో కూడా వేయాలనుకుంటున్నారట. అక్కడ ఎవరైనా చూస్తే చివరి పాట ఆవిడే పాడిందో లేదో నాకు చెప్పండి, పాడితే బస్సెక్కి వచ్చి మళ్లీ చూస్తాను.