రౌండ్‌క్యూబ్ 1.6: వెబ్‌మెయిల్‌గా మంచిదే, ప్యాచ్ వేసే మనిషి ఉంటేనే

పలాస జీడిపప్పు వ్యాపారి కావచ్చు, రాజాంలో కాలేజీ అడ్మిషన్ల విభాగం కావచ్చు, విజయనగరంలో ఆడిటర్ ఆఫీసు కావచ్చు. సొంత డొమైన్ పేరుతో మెయిల్ పెట్టుకున్నవాళ్ళు బ్రౌజర్‌లో లాగిన్ అయ్యే పేజీ చాలాసార్లు రౌండ్‌క్యూబే. ఉచితం, పీహెచ్‌పీలో రాసింది, ఐమ్యాప్ సర్వర్ (మెయిళ్ళు దాచి, అడిగినప్పుడు చూపించేది) ఏదైనా దానితో కలిసిపోతుంది. ఎలాస్టిక్ అనే స్కిన్ (పేజీ రూపం) ఫోన్ తెరమీద కూడా చక్కగా సర్దుకుంటుంది, తెలుగు సబ్జెక్టు లైన్లు చెదరవు. వాడకం గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు. దీన్ని పెట్టుకోవాలా వద్దా అన్నది తేలేది భద్రత దగ్గరే.

దీని పాత జబ్బు ఒకటుంది. వచ్చిన హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ని జల్లెడ పట్టి, ప్రమాదకరమైన కోడ్ తీసేసి చూపించాలి. ఆ జల్లెడలో ఎస్‌వీజీ బొమ్మల (కోడ్‌తో గీసేవి) దగ్గర మళ్ళీ మళ్ళీ కన్నం పడుతోంది. 2023 అక్టోబరులో సీవీఈ-2023-5631 బయటపడింది (సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య). ప్యాచ్ (లోపాన్ని పూడ్చే సవరణ) రాకముందే వింటర్ వివర్న్ అనే ముఠా దాన్ని యూరప్ ప్రభుత్వ మెయిళ్ళ మీద వాడుతున్నట్టు ఈసెట్ అనే భద్రతా సంస్థ పట్టుకుంది. 1.6.4 వెర్షన్‌లో పూడ్చారు. 2024 మేలో 1.6.7, ఆగస్టులో 1.6.8, 2025 డిసెంబరులో 1.6.12: మూడింటిలోనూ ఇదే జాతి లోపాలకు ప్యాచ్‌లున్నాయి. వీటిలో చాలావాటికి లింకు నొక్కనక్కర్లేదు, అటాచ్‌మెంట్ తెరవనక్కర్లేదు, మెయిల్ తెరిస్తే చాలు. ఆ కోడ్ మీ లాగిన్‌లోనే నడుస్తుంది కాబట్టి మీ ఉత్తరాలన్నీ చదివి బయటికి పంపగలదు.

'బయటి బొమ్మలు రాకుండా ఆపేశాం, కాబట్టి భయం లేదు' అని ధైర్యంగా ఉండే ఆఫీసులున్నాయి. ఆ సెట్టింగుకీ ఈ లోపాలకీ సంబంధం లేదు. హెచ్‌టీఎంఎల్ చూపించడం ఆపి సాదా అక్షరాల్లోనే చదవడం కొంత మేలు, అకౌంట్స్ విభాగానికి అదే పెట్టాలని మా సలహా. కానీ అదీ పూర్తి రక్ష కాదు. సీవీఈ-2023-43770 సాదా మెయిల్‌లోని లింకులను తయారుచేసే కోడ్‌లోనే ఉంది. దాన్ని 1.6.3లో సరిచేశారు.

వీటన్నిటికంటే పెద్దది సీవీఈ-2025-49113. తీవ్రత పదికి 9.9. సెట్టింగ్స్‌లో ఫైల్ అప్‌లోడ్ చేసే చోట 'ఫ్రమ్' అనే విలువను సరిచూడకుండా తీసుకోవడంతో వచ్చింది. 1.1.0 నుంచి 1.6.10 వరకూ, అంటే దాదాపు పదేళ్ళు, ఎవరి కంటా పడకుండా ఉంది. దాడి చేసేవాడికి ఏదో ఒక లాగిన్ కావాలి, నిజమే. కానీ రెండొందల మంది సిబ్బంది ఉన్న కాలేజీలో ఊరి పేరు పక్కన 123 చేర్చిన పాస్‌వర్డ్ ఒక్కటి దొరకదా? ఒక్కటి దొరికితే సర్వర్ మీద తనకు కావాల్సిన ఆదేశం నడుపుతాడు. 2025 జూన్ 1న 1.6.11, 1.5.10 వచ్చాయి. రెండు రోజుల్లోనే దాడి కోడ్ అమ్మకానికి వచ్చింది. జూన్ రెండో వారంలో కూడా ప్యాచ్ వేయని సర్వర్లు సుమారు 84 వేలు ఉన్నట్టు, ఇంటర్నెట్ సర్వర్లను గాలించే షాడోసర్వర్ సంస్థ లెక్క తేల్చింది. తయారీదారులు ఆలస్యం చేయలేదు. ఆలస్యం అంతా నడిపేవాళ్ళదే. రౌండ్‌క్యూబ్ తనంతట తాను అప్‌డేట్ అవ్వదు, అదే దీని అసలు లోటు.

అప్‌డేట్ చేయడం మాత్రం అరగంట పని. ముందు డేటాబేస్‌ని డంప్ (పూర్తి నకలు) తీసి, కాన్ఫిగ్ ఫైల్, ప్లగిన్లు, స్కిన్ల ఫోల్డర్లు పక్కన దాచుకోండి. 'కంప్లీట్' అని పేరున్న ప్యాకేజీనే దించుకోండి, అవసరమైన పీహెచ్‌పీ లైబ్రరీలు అందులోనే ఉంటాయి. ప్యాకేజీ డిజిటల్ సంతకం సరిచూసి, వెబ్ ఫోల్డర్ బయట విప్పండి. బిన్ ఫోల్డర్‌లో ఉన్న ఇన్‌స్టాల్‌టు స్క్రిప్ట్‌కి పాత రౌండ్‌క్యూబ్ ఉన్న చోటు చెప్పి నడిపితే, ఏ వెర్షన్ నుంచి మారుతున్నారో చూపించి, కొనసాగించాలా అని అడుగుతుంది. ఫైళ్ళు మార్చి, డేటాబేస్ పట్టికలు సరిచేసేదీ అదే. ఫైళ్ళను పాతవాటి మీద చేత్తో కాపీ చేసేవాళ్ళు ఈ చివరి మెట్టు మర్చిపోతారు. తర్వాత లాగిన్ దగ్గర తెల్ల పేజీ వస్తే ప్యాచ్‌ని తిట్టుకుని పాతదానికి వెళ్ళిపోతారు.

చెడిపోయే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. రూట్‌గా (సర్వర్ సర్వాధికారి యూజర్‌గా) నడిపితే కొన్నిసార్లు టెంప్, లాగ్స్ ఫోల్డర్లు రూట్ పేరు మీదకి పోయి అటాచ్‌మెంట్లు ఎక్కకపోవచ్చు. ఆ రెండింటినీ వెబ్ సర్వర్ యూజర్‌కి తిరిగి అప్పగించండి. ఎస్‌ఈలినక్స్ (లినక్స్‌లో అదనపు కాపలా) ఉన్న సర్వర్‌లో, ఫైళ్ళ భద్రతా గుర్తులు సరిచేసే రిస్టోర్‌కాన్ ఆదేశం కూడా నడపాలి. 1.4 నుంచి 1.6కి దూకేవాళ్ళకు లారీ, క్లాసిక్ స్కిన్లు ప్యాకేజీలో ఉండవు. కాన్ఫిగ్‌లో ఐమ్యాప్, ఎస్‌ఎంటీపీ సర్వర్ల పేర్లు రాసే వరసలు కూడా 1.6లో మారాయి. పీహెచ్‌పీ కోడ్‌ని మెమరీలో దాచుకునే ఆప్‌క్యాష్‌లో ఫైల్ తేదీ చూడటం ఆపేసి ఉంటే, కొత్త ఫైళ్ళు పెట్టినా పాత కోడే నడుస్తుంది. పీహెచ్‌పీ సేవను రీస్టార్ట్ చేసి, 'అబౌట్' పెట్టెలో వెర్షన్ అంకె చూశాకే పని అయినట్టు లెక్క.

వెబ్ సర్వర్‌గా అపాచీ కాకుండా ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. కాన్ఫిగ్, లాగ్స్ ఫోల్డర్లను మూసే హెచ్‌టీయాక్సెస్ ఫైళ్ళు అపాచీకే పనిచేస్తాయి, ఎన్‌జిన్‌ఎక్స్ వాటిని చూడనే చూడదు. బ్రౌజర్‌లో లాగ్స్ ఫోల్డర్ లోపలి ఎర్రర్ లాగ్ చిరునామా కొట్టి చూడండి. 403 (ప్రవేశం లేదు) గానీ 404 (దొరకలేదు) గానీ రావాలి. లాగ్ తెరుచుకుంటే డాక్యుమెంట్ రూట్‌ని పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌కి మార్చండి. ఇన్‌స్టాలర్ ఫోల్డర్ ఉంటే తీసేయండి.

కన్నం పూడ్చినంత మాత్రాన లోపలికి వచ్చినవాడు బయటికి పోడు. 49113 ప్యాచ్ ఆలస్యంగా వేసినవాళ్ళు యాక్సెస్ లాగ్‌లో సెట్టింగ్స్ అప్‌లోడ్ అభ్యర్థనలు వెతకాలి. 'ఫ్రమ్' విలువలో మామూలుగా అక్షరాలు, హైఫన్ ఉంటాయి. ఆశ్చర్యార్థకాలు, కోట్ గుర్తులు కనిపిస్తే సర్వర్ చేజారినట్టే అనుకుని, కొత్త సర్వర్ మీద మొదటి నుంచి కట్టుకోండి. లాగిన్ అయి ఉన్న ప్రతి ఒక్కరి మెయిల్ పాస్‌వర్డ్ సెషన్ పట్టికలో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాన్ని విప్పే డెస్-కీ కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంటుంది. సర్వర్ మీద ఆదేశం నడపగలిగినవాడికి రెండూ అందుతాయి. అందుకే సెషన్ పట్టిక ఖాళీ చేయాలి, డెస్-కీ మార్చాలి, డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాలి, ఆ తర్వాత అందరి మెయిల్ పాస్‌వర్డ్‌లూ మార్పించాలి. డిఫాల్ట్ సైఫర్‌కి డెస్-కీ సరిగ్గా 24 అక్షరాలుండాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో 18 యాదృచ్ఛిక బైట్లను బేస్64లో తీస్తే అన్నే వస్తాయి.

ఇంకో చోటు ఎవరూ చూడరు: సీవ్ ఫిల్టర్లు, అంటే వచ్చిన మెయిల్‌ని ఏం చేయాలో సర్వర్‌కి చెప్పే నియమాలు. పాస్‌వర్డ్ మార్చినా, ప్రతి మెయిల్‌నీ బయటి చిరునామాకి పంపే ఫిల్టర్ అలాగే పనిచేస్తూ ఉంటుంది. అందరి ఫిల్టర్లలోనూ రీడైరెక్ట్ వరసలు వెతికి, ఎవరిదో తెలియని చిరునామా ఉంటే తీసేయండి. ఎగుమతి చేసేవాళ్ళకు ఇది ప్రాణావసరం. ఇన్వాయిస్ మెయిళ్ళు చదువుతున్నవాడు సరిగ్గా డబ్బు పంపే వేళకి 'మా బ్యాంకు ఖాతా మారింది' అని మీ పేరుతోనే రాస్తాడు. ఖాతా మార్పు ఏదైనా ఫోన్‌లో గొంతు విన్నాకే నమ్మమని కొనుగోలుదారులకు ముందే చెప్పి ఉంచండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సర్వర్‌లోకి చొరబాటు జరిగితే తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. డెబియన్, ఉబుంటులో అపాచీ లాగ్‌లు మామూలుగా 14 రోజులకే చెరిగిపోతాయి, లాగ్‌రొటేట్‌లో ఆ అంకె పెంచుకోండి.

లాగిన్ పేజీకి, తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టే ఐపీని అడ్డుకునే ఫెయిల్2బ్యాన్ పెట్టండి, రౌండ్‌క్యూబ్‌కి ఫిల్టర్ అందులోనే ఉంది. అయితే ఆఫీసంతా ఒకే ఫైబర్ కనెక్షన్ మీద ఉంటే ఒకరు పాస్‌వర్డ్ పదేపదే తప్పు కొట్టినా అందరికీ తలుపు పడుతుంది, ఆ ఐపీని మినహాయించుకోవాలి.

తుపాను ప్రాంతం కాబట్టి ఒక మాట. 2018లో తిత్లీ తర్వాత ఉద్దానంలో కరెంటు రావడానికి రోజులు పట్టింది. ఆఫీసు గదిలోనే సర్వర్ పెట్టుకున్నవాళ్ళు, అన్ని రోజులు ఆగి మళ్ళీ వెలిగించినప్పుడు 80, 443 పోర్టులు మూసి ఉంచి ముందు ప్యాచ్ చూసుకోవాలి.

డెబియన్ 12 ప్యాకేజీ వాడేవాళ్ళు 1.6.5 అని చూసి కంగారుపడొద్దు. ప్యాచ్‌ని పాత అంకెకే వెనక్కి తెచ్చి కలుపుతారు, ప్యాకేజీ అంకె తోకలో చూడాలి. ఉబుంటులో ఇది యూనివర్స్ విభాగంలో ఉంది, భద్రతా సవరణలకు ఉబుంటు ప్రో జతచేసుకోవాలి. సెంటాస్ 7 మీద పీహెచ్‌పీ 5.4తో ఉన్నవాళ్ళకు 1.6 ఎక్కదు, దానికి కనీసం 7.3 కావాలి. 1.5 శాఖతో కొన్నాళ్ళు నెట్టుకు రావచ్చు గానీ ఆ సెంటాస్‌కే 2024 జూన్ 30తో సవరణలు ఆగిపోయాయి. ఇక స్క్విరల్‌మెయిల్ అనే పాత వెబ్‌మెయిల్ ఇంకా నడుపుతుంటే ఈ రోజే ఆపేయండి, దాని చివరి స్థిర వెర్షన్ 2011 నాటిది.

సర్వర్‌ని హోస్టింగ్ కంపెనీయే నడిపే సీప్యానెల్ హోస్టింగ్‌లో అప్‌డేట్ మీ చేతిలో ఉండదు. రౌండ్‌క్యూబ్ తెరిచి 'అబౌట్'లో అంకె చూసి, ప్రాజెక్టు సైటులో ఉన్న తాజా అంకెతో పోల్చండి. వెనకబడి ఉంటే ఏ తేదీకి వేస్తారో హోస్టింగ్ వాళ్ళను రాతలో అడగండి. వారంలోగా తేదీ చెప్పలేకపోతే రెన్యువల్ దాకా ఆగకుండా డొమైన్ ఎమ్‌ఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో చెప్పేది) వేరేచోటికి మార్చుకోవడమే మేలు.