పెట్టె మీద 12 మిల్లీమీటర్లు, లోపల 5: సైకిలు తాళం కొనేవారికి హెచ్చరిక

పర్లాకిమిడి, పాతపట్నం, కాశీనగర్, గుణుపురం ప్రాంతాల్లో సైకిలు కోసం తాళం కొనదలచిన తెలుగువారికి ఒక ముఖ్యమైన విషయం తెలియజేయడానికి ఇది రాస్తున్నాను. ప్లాస్టిక్ తొడుగుతో వచ్చే కేబుల్ తాళాల పెట్టెల మీద ముద్రించే మందం లోపలి ఉక్కు మందమని అనుకోకండి. తొడుగుతో కలిపి కొలిచిన అంకెను వేసి అమ్ముతున్నారు. అటువంటి తాళం తెగిపోయి, మా అమ్మాయి కాలేజీకి తొక్కే గేర్ల సైకిలును పోగొట్టుకున్నాము.

తాళం వెల 800 రూపాయలు. పెట్టె మీద 12 మిల్లీమీటర్ల గట్టి ఉక్కు అనీ, దొంగతనం నుంచి పూర్తి రక్షణ అనీ, భద్రతా స్థాయి 10కి 8 అనీ ఉంది. పర్లాకిమిడిలో ట్యూషన్ కేంద్రం ముందున్న కిటికీ ఊచలకు కట్టిన సైకిలును పట్టపగలే తీసుకుపోయారు. తెగిన తాళం అక్కడే పడి ఉంది. దానిని లేత్ షాపుకు తీసుకువెళ్లి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిపిస్తే, పైన ప్లాస్టిక్‌తో కలిపి 12 మిల్లీమీటర్లు, లోపల సన్నని తీగలన్నీ పేనిన కట్ట 5 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్నట్లు తేలింది. ఆ తీగల మీద ఆకురాయి పెట్టి రుద్దితే సులువుగా గీత పడింది; నిజంగా గట్టిపరచిన ఉక్కు అయితే ఆకురాయి పట్టకుండా జారిపోతుంది. లేత్ షాపు మేస్త్రి అక్కడ ఉన్న చేతి కట్టరుతో మిగిలిన ముక్కను ఒక్క నొక్కుతో కత్తిరించి చూపించారు. ఇంత మెత్తటి తీగకు పిల్లల సైకిళ్లను అప్పగిస్తున్నామన్న బాధే నన్ను ఇది రాయడానికి పురికొల్పింది.

పేనిన కేబుల్‌లో ఉన్న లోపం దాని నిర్మాణంలోనే ఉంది. ఎన్ని తీగలు పేనినా కట్టరు పళ్లు వాటిని కొన్ని కొన్నిగా తెంపుకుంటూ పోతాయి కాబట్టి, అదే మందం ఉన్న గట్టి కడ్డీని తెంచడానికి కావలసినంత బలం కేబుల్‌కు అక్కరలేదు. అంకెల తాళం సంగతి కూడా చెప్పాలి. నాలుగు చక్రాలకు 10,000 కలయికలు ఉంటాయన్న మాట నిజమే గాని, చవక రకాల్లో తాళాన్ని లాగి పట్టుకుని ఒక్కొక్క చక్రాన్నే తిప్పితే, సరైన అంకె దగ్గర అది కాస్త పట్టినట్లు వేలికి తెలుస్తుంది. అప్పుడు ప్రయత్నాలు 40కి మించవు. ఇక సైకిలుతోపాటు వచ్చే వెనక చక్రం తాళం చక్రాన్ని తిరగకుండా ఆపుతుందే తప్ప సైకిలును దేనికీ కట్టి ఉంచదు. వెనక భాగం ఎత్తి నడిపించుకుపోవచ్చు, ఆటోలో వేసుకుపోవచ్చు.

గట్టిపరచిన ఉక్కుతో చేసిన యూ ఆకారపు తాళం ఇంతకన్నా ఎంతో మేలు. దాని కడ్డీ 16 మిల్లీమీటర్లు ఉంటే, చేతితో వాడే బోల్ట్ కట్టరుతో తెంచడం చాలా కష్టం. అయినా దానికీ హద్దులున్నాయి: బ్యాటరీతో నడిచే గ్రైండరు ముందు అది నిలిచేది కొద్ది నిమిషాలే. 2004లో అమెరికాలో క్రిప్టోనైట్ అనే పేరున్న సంస్థ తాళాల్లో గుండ్రటి గొట్టం వంటి తాళంచెవి వాడే రకాలు బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని బయటపడి, ఆ సంస్థ తాళాలను ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చింది. కాబట్టి కడ్డీ మందంతోపాటు తాళంచెవి రకాన్నీ చూడాలి. పెట్టె మీద భద్రతా స్థాయి 8 అనో 10 అనో ఉంటే, అది తయారీదారు తనకు తానే ఇచ్చుకున్న మార్కు కావచ్చు. బ్రిటన్‌లోని సోల్డ్ సెక్యూర్ వంటి స్వతంత్ర సంస్థలు తాళాలను పనిముట్లతో పరీక్షించి కంచు, వెండి, బంగారం, వజ్రం అనే స్థాయిలు ఇస్తాయి. అటువంటి గుర్తు ఉందా అని అడగండి. లేకపోతే తొడుగు లేకుండా ఉక్కు ఎంత మందమో బిల్లు మీద రాయించుకోండి. ఆ మాట రాయడానికి దుకాణదారు వెనుకాడితే ఆ తాళం కొనవద్దని నా గట్టి సలహా.

మన ప్రాంతానికి ఇంకొక ఇబ్బంది ఉంది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్, ఇటు పర్లాకిమిడి, అంటే ఒడిశా. ఇక్కడ పోయిన సైకిలు కాసేపట్లో వేరే రాష్ట్రపు పోలీసు పరిధిలోకి చేరిపోగలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరమైతే, అది ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా పొందవచ్చు. అయితే 5,000 రూపాయలకన్నా తక్కువ విలువైన వస్తువు దొంగతనాన్ని, మేజిస్ట్రేటు ఆదేశం లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల్లో చేర్చారు. ప్రభుత్వం బడిపిల్లలకు ఇచ్చిన సైకిలు గాని, పాతబడిన సైకిలు గాని పోయినప్పుడు విలువకు ఆధారం లేకపోతే చిక్కు ఇక్కడే వస్తుంది. కొన్న బిల్లును భద్రపరచండి. పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున ఫ్రేమ్ మీద చెక్కిన నంబరును ఈ రోజే రాసుకుని, సైకిలుతో కలిపి ఫొటో తీసి ఉంచండి. మా ఫిర్యాదు నిలబడింది బిల్లు, ఆ నంబరు రెండూ ఉన్నందువల్లే. సైకిలు మాత్రం ఇంకా దొరకలేదు.

దుకాణదారు పెట్టె మీద ఉన్నదే చెప్పామన్నారు. తయారీదారుకు రాస్తే, వారంటీ తుప్పుకూ అంకెల చక్రాలు పాడవడానికీ మాత్రమేననీ, తెంచిన తాళానికి వర్తించదనీ జవాబు వచ్చింది. నేను అడిగింది తెగినందుకు పరిహారం కాదు, 5 మిల్లీమీటర్ల తీగను 12 అని ముద్రించినందుకు వివరణ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుదోవ పట్టించే ప్రకటనలను స్పష్టంగా నిర్వచించింది; తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకునే హక్కునూ కొనుగోలుదారుకు ఇచ్చింది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇవ్వడానికి తెగిన ముక్కను, పెట్టెను, లేత్ షాపు కొలతల కాగితాన్ని సిద్ధం చేస్తున్నాను. ఇదే తరహా తాళం ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, కొన వద్ద తొడుగును కొద్దిగా చీల్చి లోపలి తీగను కొలిపించండి. పెట్టెను, బిల్లును పారవేయకండి. కొలతలో తేడా కనబడితే మీరు కూడా 1915కు ఫిర్యాదు చేయండి.