ఒక్కో కాపీ అచ్చు: మూడేళ్ల తర్వాత నా మాట

మద్రాసులో తెలుగువాళ్ల ఆనవాళ్ల మీద 168 పేజీల పుస్తకం రాసి, ఆర్డరు వచ్చినప్పుడల్లా ఒక్కో కాపీ అచ్చేసి పంపే సర్వీసులో పెట్టి మూడేళ్లయింది. సర్వీసు పేరు చెప్పను.

మొదటి ప్రూఫు కాపీ చూసి నీరుగారిపోయాను. డీటీపీ ఆయన 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కొట్టిన మేటరుని యూనికోడ్‌లోకి మార్చి పంపాం. కవరు బాగానే ఉంది. లోపల మాత్రం పొట్టి శ్రీరాములు పేరులో గుడిదీర్ఘం అక్షరాన్ని వదిలేసి పక్కన ఒంటరిగా నిలబడింది. 'క్ష' రావాల్సిన చోటల్లా ఖాళీ డబ్బా. ఫోన్ చేస్తే "ఫైల్ ఓకే సార్" అన్నారు. అక్కడ తెలుగు చదవగలిగినవాళ్లే లేరు! ఫాంట్లు ఫైల్లోనే ఇమిడిపోయేలా ఎంబెడ్ చేసి పీడీఎఫ్ మళ్లీ చేయించుకుని, ప్రతి లైనూ వేలు పెట్టి చదువుకున్నాను.

పుస్తకానికి గుర్తింపు నంబరైన ఐఎస్‌బీఎన్‌కి ప్యాకేజీ అంటూ డబ్బులడుగుతారు, కట్టకండి. కేంద్ర ప్రభుత్వపు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. నా పేరు మీదే తీసుకున్నాను కాబట్టి ప్రచురణకర్తనూ నేనే. 1954 చట్టం ప్రకారం లైబ్రరీలకు కాపీలివ్వాల్సిందీ నేనే. ఎగ్మోర్‌లోని కన్నెమరా లైబ్రరీకి బస్సులో వెళ్లి స్వయంగా ఇచ్చొచ్చాను. ఆ రోజంతా ఎంత గర్వంగా తిరిగానో!

వెల 250. వాళ్ల సైట్‌లో అమ్ముడైతే నాకు మిగిలేది 40 చిల్లర. నేనే కాపీలు తెప్పించుకుని చేత్తో అమ్మితే వంద దాటుతుంది. అమ్మిపెట్టడం వాళ్ల పని కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. వాట్సాప్ గ్రూపుల్లో దండాల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి, కొన్నది పదకొండు మంది. ఫేస్‌బుక్‌లో 1,500 పెట్టి ప్రకటన వేస్తే రెండు కాపీలు పోయాయి. వాటిలో ఒకటి మా బావమరిది కొన్నది.

కాపీలు కదిలింది కాలినడకన. మైలాపూర్‌లో కాశీనాథుని నాగేశ్వరరావు పేరున్న పార్కు దగ్గర ఆదివారం పొద్దున్నే పదిమందిని పోగేసి, ఆయన పెట్టిన ఆంధ్రపత్రిక, అమృతాంజనం కబుర్లు చెబుతూ శ్రీరాములు స్మారక భవనం దాకా నడిపించేవాణ్ణి. సంచిలో పది కాపీలు పెట్టుకెళ్తే ఆరేడు అయిపోయేవి.

అయినా ఒక్కో కాపీ అచ్చేసే ఈ పద్ధతిని నేను వదలనిది అమ్మకాల కోసం కాదు. ఒక నడకలో ఒక పెద్దాయన పుస్తకం తెరిచి నన్ను ఆపారు.

"బాబూ, శ్రీరాములుగారి దీక్ష 56 రోజులని రాశావు. 1952 అక్టోబరు 19న మొదలైంది. అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరు 15తో కలిపి ఎంత?"

58. ఎక్కడో చదివింది లెక్కపెట్టకుండా దించేశాను. ఆఫ్‌సెట్‌లో ఒకేసారి 500 కాపీలు వేయించి ఉంటే ఆ 56 అనే తప్పు మా మంచం కింద కట్టలు కట్టి ఉండేది. ఆ రాత్రే ఫైలు మార్చాను, తర్వాతి కాపీ సరిగ్గా వచ్చింది. చరిత్ర రాసేవాడికి ఈ సౌకర్యం నిజంగా వరమే. కాకపోతే ఫైలు మార్చిన ప్రతిసారీ ఫీజు తీసుకుంటారు, ఇప్పటికి నాలుగుసార్లు కట్టాను.

మరుసటి నెల సరిచేసిన కాపీ చూపిస్తే ఆయన 58 దగ్గర వేలు పెట్టి చూసుకుని, పాతది నా చేతిలో పెట్టి, కొత్తది తన సంచిలో వేసుకున్నారు. డబ్బులడగడానికి నాకు నోరు రాలేదు.