చైనాలో పాలన బాగుపడాలంటే: ముందు చట్టమా, ముందు ఓటా?

చైనా మేధావులంతా అధికారంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ చెప్పిందే వల్లిస్తారని మనలో చాలామంది అనుకుంటారు. 2000 తర్వాతి పదేళ్లలో అక్కడ నడిచిన వాదనలు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు.

పెకింగ్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ పాన్ వెయ్‌ది ముందు చట్టం అనే పక్షం. ఎన్నికల జోలికి పోకుండా హాంకాంగ్, సింగపూర్‌లలా నిజాయితీగల అధికారులు, స్వతంత్ర కోర్టులు, అవినీతి నిరోధక సంస్థ, గట్టి ఆడిట్ ఉంటే చాలంటాడు. అప్పట్లో పార్టీ సంస్థలోనే పెద్ద హోదాలో ఉన్న యు కెపింగ్ 2006లో 'ప్రజాస్వామ్యం మంచిదే' అని వ్యాసం రాశాడు. అయితే ఒక్కసారిగా వద్దు, పార్టీ లోపల, గ్రామాల్లో మొదలుపెట్టి మెల్లగా విస్తరించాలన్నాడు.

వినడానికి పాన్ మాటే బాగుంటుంది. కానీ 2003లో ఏం జరిగిందో చూడండి. తాత్కాలిక నివాస పత్రం చూపించలేదని గ్వాంగ్‌జౌ పోలీసులు 27 ఏళ్ల సున్ జిగాంగ్‌ను పట్టుకెళ్లారు. నిర్బంధంలోనే దెబ్బలు తిని అతను చనిపోయాడు. అలా నిర్బంధించడానికి వీలిచ్చే నిబంధనలు రాజ్యాంగానికి విరుద్ధమని ముగ్గురు యువ న్యాయ పండితులు చైనా పార్లమెంటు అయిన జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘానికి అర్జీ పెట్టారు. జూన్‌లో మంత్రివర్గమే ఆ నిబంధనలను రద్దు చేసింది. జనం గెలిచారు, కానీ అవి రాజ్యాంగ విరుద్ధమని మాత్రం ఏ సంస్థా తేల్చి చెప్పలేదు. 2018లో అధ్యక్షుడి పదవీకాల పరిమితి ఎత్తేసినప్పుడు అదే కాంగ్రెస్‌లో 2,958 మంది అనుకూలం, ఇద్దరే వ్యతిరేకం. పార్టీ చట్టానికి లోబడేలా చూసేది ఎవరు, పిల్లి మెడలో గంట ఎవరు కడతారో పాన్ నమూనా చెప్పదు.

యు దారిలో కనీసం ఒక చోట పని జరిగింది. 2005లో జెజియాంగ్ రాష్ట్రంలోని జెగువో పట్టణంలో 30 ప్రాజెక్టులకు సరిపడా డబ్బు లేదు. లాటరీలో ఎంపికైన సుమారు 275 మంది ప్రజలను ఒకచోట కూర్చోబెట్టి, వివరాలిచ్చి, చర్చించి ప్రాధాన్యం ఇవ్వమన్నారు. అధికారులకు ఇష్టమైన ఆర్భాటపు పనులను వెనక్కి నెట్టి వాళ్లు మురుగునీటి శుద్ధిని ముందుకు తెచ్చారు. పట్టణ యంత్రాంగం ఆ వరసే పాటించింది.

అయినా ఆ 30 పనుల జాబితా రాసింది అధికారులే, పార్టీ కార్యదర్శికి మనసు మారితే అంతటితో సరి. అందుకే నా మొగ్గు యు వైపే, ఒక షరతుతో: జాబితా రాసే హక్కు కూడా ఆ పట్టణ ప్రజలకే ఉండాలి.