ఒరాకిల్ పార్క్‌లో ఎక్కడ కూర్చోవాలి? పన్నెండు సీజన్లుగా సీట్లు మారుస్తూ తెలుసుకున్నది

2014 జూలైలో మా నాన్న తెనాలి నుంచి మొదటిసారి వచ్చారు. మేముండే సన్నీవేల్‌లో ఎండ మండిపోతోంది. బేస్‌బాల్ చూపిద్దామని శాన్ ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ జట్టు సాయంత్రం ఆటకి బ్లీచర్స్‌లో, అంటే బ్యాటర్‌కి ఎదురుగా దూరాన ఉండే సెంటర్ ఫీల్డ్ వెనక, మూడు టికెట్లు తీశాను. చవగ్గా వచ్చాయి. పైగా హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) కొడితే బంతి మనవైపే వస్తుంది కదా అని నా లెక్క. మూడో ఇన్నింగ్స్‌కి (బేస్‌బాల్‌లో తొమ్మిది ఉంటాయి) నాన్న చొక్కా పై గుండీ కూడా పెట్టేసుకున్నారు. ఐదో ఇన్నింగ్స్‌కి మా ఆవిడ చున్నీ ఆయన చెవుల చుట్టూ ఉంది. "జూలైలో ఈ చలేంట్రా, ఊటీ తీసుకొచ్చావా?" అన్నారు. హోమ్ రన్ ఒక్కటీ మావైపు రాలేదు. బ్యాటర్ అగ్గిపుల్లంత కనిపించాడు.

అప్పుడు ఆ స్టేడియం పేరు ఏటీ అండ్ టీ పార్క్. 2000లో తెరిచినప్పుడు పసిఫిక్ బెల్ పార్క్, మధ్యలో ఎస్‌బీసీ పార్క్, 2019 నుంచి ఒరాకిల్ పార్క్. పేర్లు మారాయి గానీ చలి మారలేదు. అయినా జెయింట్స్ పాత స్టేడియం క్యాండిల్‌స్టిక్ పార్క్ గాలికి పేరుమోసిన చోటు కాబట్టి, ఇది కట్టేముందు యూసీ డేవిస్ యూనివర్సిటీ వాళ్లతో గాలి లెక్కలు వేయించి స్టేడియం దిశ ఖాయం చేశారు. పడమటి గాలికి హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ నిలబడే చోటు, వెనక స్టాండ్ అడ్డుగోడలా నిలబడుతుంది. ఆ గోడకి ఎదురుగా, ఖాళీలో కూర్చునేది బ్లీచర్స్ వాళ్లు. ఆ రాత్రి మేం కూర్చున్నది అక్కడే.

ఆ తర్వాత ఏటా ఆరేడు ఆటలు చూస్తున్నాను. దాదాపు అన్ని వైపులా కూర్చున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. గ్రౌండ్‌కి ఎంత దగ్గర అన్నది వదిలేసి, ఏ కోణంలో ఉన్నామో చూసుకోండి. డబ్బులు తక్కువైతే పై అంతస్తుకి వెళ్లండి గానీ, పక్కకి వెళ్లకండి.

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. ఉప్పల్‌లో పిచ్‌కి అడ్డంగా ఉన్న స్టాండ్‌లో కూర్చుంటే బంతి స్వింగ్ అయిందో, స్పిన్ తిరిగిందో తెలియదు. బ్యాట్ ఊగడం, జనం అరవడం, అంతే. బేస్‌బాల్‌లో ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆటలో సగం పైన పిచర్‌కీ (మన బౌలర్ లాంటివాడు) బ్యాటర్‌కీ మధ్యే నడుస్తుంది. వాళ్లిద్దరి మధ్య దూరం అరవై అడుగుల ఆరంగుళాలు. మన 22 గజాల పిచ్ కంటే కాస్త తక్కువ. ఆ దూరంలో బంతి ఏం చేసిందో కనిపించకపోతే మిగిలేది స్కోర్‌బోర్డు చూడటమే.

నాకు ఆ సంగతి తెలిసింది వ్యూ లెవెల్‌లో, 315వ సెక్షన్‌లో. అది అన్నిటికన్నా పై అంతస్తు, సరిగ్గా హోమ్ ప్లేట్ వెనక. ఆఫీసు స్నేహితుడు ఒకడు రాలేనంటే వాడి టికెట్‌తో వెళ్లాను. రెండు ఇన్నింగ్స్ గడిచాక కళ్లు క్యాచర్ (మన కీపర్ లాంటివాడు) గ్లవ్ మీద నిలిచాయి. పిచర్ కాలు ఎత్తేముందు ఆ గ్లవ్ మెల్లగా బయటి మూలకి జరుగుతుంది. బంతి మధ్యకే వస్తున్నట్టు బయల్దేరి, చివర్లో ఆ గ్లవ్ వైపు జారిపోతుంది. బ్యాటర్ గాలిని కొడతాడు. పక్కనున్న ముసలాయన చేతిలో స్కోర్ కార్డు మీద పెన్సిల్‌తో చిన్న గీత గీసుకున్నాడు. అప్పటిదాకా నాకు బేస్‌బాల్ అంటే మధ్యమధ్యలో ఏదో జరిగే పిక్నిక్. ఆ రోజు నుంచి ఆటగా కనిపించింది.

పైనుంచి దక్కేది ఇంకోటి ఉంది. ఫీల్డర్లు ఎవరికి ఎక్కడ నిలబడ్డారో, కొట్టగానే ఎవరు ఎటు పరిగెడుతున్నారో మొత్తం పటంలా కనిపిస్తుంది. 2025 జూలై 8న ఫిలడెల్ఫియాతో ఆటలో చివరి ఇన్నింగ్స్, జెయింట్స్ 3-1తో వెనకబడి ఉన్నారు. జెయింట్స్ ఆటగాడు ప్యాట్రిక్ బెయిలీ కొట్టిన బంతి రైట్ సెంటర్ ఇటుక గోడకి తగిలి, ఫీల్డర్ అనుకోని దిక్కుకి ఎగిరిపోయింది. బెయిలీ క్యాచర్, పరుగుకి పేరున్నవాడు కాదు. అయినా బంతి వెనక్కి వచ్చేలోపు, అప్పటికే బేసుల మీదున్న ఇద్దరి వెనకే, పరుగు కోసం తాకాల్సిన నాలుగు బేసులూ చుట్టేశాడు. 4-3. నేనున్న చోట నుంచి గోడ, బంతి, వెంటపడే ఫీల్డర్, మూడో బేస్ మలుపు తిరుగుతున్న బెయిలీ, అన్నీ ఒక్క చూపులో పట్టాయి. బ్లీచర్స్‌లో ఉన్న మిత్రుడు మర్నాడు ఫోన్ చేసి "అసలేం జరిగిందిరా?" అని అడిగాడు.

అయితే వ్యూ లెవెల్‌లోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. మొదటి ఒకటి రెండు వరుసలు తీసుకోవద్దు. ముందు రెయిలింగ్ సరిగ్గా కంటికి అడ్డం పడుతుంది, దాని ముందునుంచి నాచోస్ ట్రేలతో జనం నడుస్తూనే ఉంటారు. ఒకసారి రీసేల్ యాప్‌లో "అడ్డం లేని వ్యూ" అని రాసి ఉంటే నమ్మి కొన్నాను. వెళ్లి చూస్తే మెట్ల పక్క కడ్డీ పిచర్‌కీ క్యాచర్‌కీ మధ్య నిలువుగా నిలబడి ఉంది. తొమ్మిది ఇన్నింగ్స్ మెడ వంచుకుని చూశాను. వాళ్లకి రాస్తే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబొచ్చింది. ఐదో వరుస దాటితే ఈ గొడవ లేదు. మరీ పైకి వెళ్తే మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇబ్బంది పడతారు.

కింద, గ్రౌండ్ పక్కన కూర్చోవాలన్న సరదా అందరికీ ఉంటుంది. నాకూ ఒకసారి కంపెనీ పుణ్యమా అని మూడో బేస్ వైపు, డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) వెనక, బాగా ముందు వరుసలో సీటు దొరికింది. జెయింట్స్ డగౌట్ ఆ వైపే. ఆటగాళ్ల ముఖాలు, వాళ్లు ఉమ్మే పొద్దుతిరుగుడు గింజల పొట్టు కూడా కనిపించాయి. అక్కడ నిజంగా విలువైనది శబ్దం. ఫాస్ట్‌బాల్ క్యాచర్ గ్లవ్‌లో పడినప్పుడు వచ్చే "ఠాప్" టీవీలో ఎప్పుడూ వినలేదు. కానీ నేల మట్టం నుంచి గ్రౌండ్ చదునుగా అయిపోతుంది. పైకి లేచిన ప్రతి బంతికీ హోమ్ రన్ అని లేచాను, ప్రతిదీ షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య ఫీల్డర్) వెనకే పడింది. బంతి తగలకుండా ముందు కట్టిన వలకి మాత్రం పది నిమిషాల్లో కళ్లు అలవాటు పడతాయి. 2020 నుంచి అన్ని పెద్ద లీగ్ స్టేడియాల్లో ఈ వలని పక్కలకి పొడిగించారు. వల దాటిన చోట కూర్చుంటే మాత్రం ఫోన్ జేబులో పెట్టేయండి. ఫౌల్ బాల్ (గీత బయటికి పోయిన బంతి) "జాగ్రత్త" అని చెప్పి రాదు. నా ముందు వరుసలో ఒకాయన గార్లిక్ ఫ్రైస్ మొత్తం నా ఒళ్లో పోసి మరీ తప్పుకున్నాడు. ఇంటికెళ్లేదాకా రైల్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

కింది అంతస్తులో బాగా వెనక వరుసలు అసలే వద్దు. పై అంతస్తు కప్పు నెత్తిమీదికి వచ్చేస్తుంది, ఎత్తుకి లేచిన బంతి కనిపించదు. ధర చూస్తే "కింది సీటు ఇంత చవగ్గానా" అనిపిస్తుంది. అదీ సంగతి.

ఇక అందరూ ఫోటోలు దిగే ఆర్కేడ్, అంటే రైట్ ఫీల్డ్ గోడ పైన ఉండే సీట్లు. జెయింట్స్ దిగ్గజం విల్లీ మేస్ జెర్సీ నంబరు 24 కాబట్టి ఆ గోడ ఎత్తు 24 అడుగులు. హోమ్ ప్లేట్ నుంచి ఆ మూలకి దూరం 309 అడుగులే. గోడ వెనక మెక్‌కవీ కోవ్ అనే చిన్న సముద్రపు పాయ, అందులో కయాక్‌లు (చిన్న పడవలు) వేసుకుని బంతి కోసం కాచుకునే జనం. 2000 మే 1న మొదటి బంతిని నీళ్లలోకి కొట్టింది జెయింట్స్ బ్యాటర్ బ్యారీ బాండ్స్. అక్కడ ఒక్కసారి కూర్చోండి, రెండోసారి అవసరం ఉండదు. సరిగ్గా కాళ్ల కింద గోడ దగ్గర జరిగేది కనపడదు. సాయంత్రం ఆటల్లో సూర్యుడు స్టాండ్ వెనక్కి దిగేదాకా కళ్లలోనే ఉంటాడు. ఆ తర్వాత చలి మొదలు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఇది నవ్వులాట. అక్కడి టెక్సాస్ రేంజర్స్ జట్టు ఎండ భరించలేక 2020లో కప్పున్న స్టేడియానికి మారింది. మేమిక్కడ ఎండ ఇంకో అరగంట ఉంటే బాగుండునని చూస్తుంటాం.

అదే గోడ కింద, నీళ్ల ఒడ్డు నడకదారిలో, ఇనుప కంచె వేసిన కమానులున్నాయి. అక్కడ నిలబడి ఆట ఉచితంగా చూడొచ్చు. రద్దీ ఉంటే మూడు ఇన్నింగ్స్ చూసి పక్కవాళ్లకి చోటివ్వమంటారు. గడ్డి వాసన తగిలేంత దగ్గర. టికెట్ దొరకని రోజు రెండుసార్లు అలా చూశాను, ఆర్కేడ్ సీటు కంటే నచ్చింది.

హోమ్ ప్లేట్ వెనక దొరక్కపోతే? వ్యూ లెవెల్‌లోనే మొదటి బేస్ వైపు, అంటే కుడివైపు, జరగండి. అటునుంచి బే బ్రిడ్జి కనిపిస్తుంది, చీకటి పడ్డాక దాని దీపాలు బాగుంటాయి. పిల్లలుంటే మాత్రం నా మాట పక్కనపెట్టి లెఫ్ట్ ఫీల్డ్ వైపు తీసుకోండి. పెద్ద సీసా ఆకారపు జారుడుబల్ల అక్కడే. మా పాపకి నాలుగేళ్లప్పుడు నేను ఆట చూసింది ఒకటిన్నర ఇన్నింగ్స్. మధ్య అంతస్తు క్లబ్ లెవెల్‌లో లోపలికెళ్లి వెచ్చగా నిలబడొచ్చు, డబ్బుంటే అదీ బాగానే ఉంటుంది.

ధరల గురించి ఒక మాట. ఎదురుజట్టు, వారం, వాతావరణం చూసి టికెట్ రేటు మార్చడం 2009లో ముందు కొన్ని సీట్లతో మొదలుపెట్టింది ఈ జెయింట్సే. మరుసటి ఏడు స్టేడియం అంతా అమలు చేశారు. అందుకే అదే సీటు మామూలు మంగళవారం చవగ్గా దొరుకుతుంది, చిరకాల ప్రత్యర్థి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వస్తే మూడింతలవుతుంది. ఆటే ముఖ్యమైతే ఏప్రిల్, మే నెలల్లో వారం మధ్యలో వెళ్లండి. గొడవ, అరుపులు కావాలంటే డాడ్జర్స్ ఆటకి వెళ్లండి, సీటు ఎక్కడైనా ఒకటే, ఎవరూ కూర్చోరు.

పక్క ఊరు ఓక్లాండ్‌లోని కొలిజియం స్టేడియం కూడా చాలాసార్లు చూశాను. గుండ్రటి కట్టడం, పక్కలకి విపరీతమైన ఫౌల్ స్థలం, అందుకే అక్కడ మంచి సీటన్నా ఆటకి దూరమే. అక్కడి అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు 2024 సెప్టెంబరులో చివరి ఆట ఆడి వెళ్లిపోయింది. మరుసటి జూన్‌లో అక్కడే మేజర్ లీగ్ క్రికెట్ పెడితే మనవాళ్లం తండోపతండాలుగా వెళ్లాం. ఫిన్ అలెన్ 19 సిక్సులు కొట్టిన మ్యాచ్ అక్కడిదే. బేస్‌బాల్‌కి తిట్టుకున్న ఆ ఖాళీ స్థలమే క్రికెట్‌కి పనికొచ్చింది.

ఒరాకిల్ పార్క్‌లోకి బయటి తిండి తెచ్చుకోనిస్తారు. మేం పులిహోర డబ్బా పట్టుకెళ్తాం. కాల్‌ట్రెయిన్ దిగితే పదినిమిషాల నడక. 2023లో పిచ్ క్లాక్ (పిచర్ బంతి వేయడానికి పెట్టిన గడువు) వచ్చాక ఆటలు రెండుముప్పావు గంటల్లో అయిపోతున్నాయి, తిరుగు రైలు టెన్షన్ తగ్గింది. ఎనిమిదో ఇన్నింగ్స్ దాటితే సీగల్ పక్షులు మిగిలిన తిండి కోసం గుంపుగా దిగుతాయి. డబ్బా మూత పెట్టుకోండి.

నాన్న రెండోసారి వచ్చినప్పుడు 316లో, ఎనిమిదో వరుసలో, మధ్యాహ్నం ఆటకి కూర్చోబెట్టాను. వెనక్కి పోయిన ప్రతి ఫౌల్ బాల్‌కీ లేచి చప్పట్లు కొట్టారు. కీపర్ తల మీదుగా ఫోర్ పోయిందని ఆయన లెక్క. అది పరుగు కాదని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి అంత కష్టపడి అటు ఎందుకు కొట్టాడ్రా?" అన్నారు. వచ్చే జూన్‌లో మళ్లీ వస్తున్నారు. టికెట్లు తీశానని ఫోన్‌లో చెబితే సీటు ఎక్కడని అడగలేదు, మంకీ క్యాప్ సర్దుకున్నానన్నారు.