జాగ్రత్త: ఆర్డర్ ఇచ్చాక అచ్చయ్యే కుక్క శిక్షణ పుస్తకాలు

ఇంటికి కుక్కపిల్ల రాగానే చాలామంది ఆన్‌లైన్‌లో ఒక శిక్షణ పుస్తకం వెతుకుతారు. అక్కడ మెరిసే అట్టలతో కనిపించేవాటిలో ప్రింట్ ఆన్ డిమాండ్ పుస్తకాలు బోలెడు. మీరు డబ్బు కట్టాక ఒక్క కాపీ అచ్చువేసి, జిగురుతో అట్ట అంటించి పంపిస్తారు. ఆ పద్ధతిని తప్పుపట్టడానికేమీ లేదు. అనుభవమున్న శిక్షకులు కూడా సొంతంగా అలాగే వేసుకుంటున్నారు. చిక్కల్లా ఏమిటంటే, ఫైలు ఎక్కించేవాడికి పెట్టుబడి అక్కర్లేదు, మధ్యలో చదివి సరిచూసే ఎడిటర్ ఉండడు. కుక్క మొహం ఎన్నడూ చూడనివాడు కూడా ఒక సాయంత్రంలో పుస్తకం తయారుచేసి అమ్మకానికి పెట్టేయగలడు. వంటల పుస్తకం చెత్తదైతే ఒక పూట కూర పాడవుతుంది. ఇక్కడ పాడయ్యేది జంతువు స్వభావం.

ముందు లోపలి సరుకు సంగతి. ఇలాంటి పుస్తకాల్లో ‘సిట్’ పాఠం ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘కుక్కను కూర్చోమని స్పష్టంగా చెప్పండి. కూర్చోగానే మెచ్చుకోండి. ఓపిక, నిలకడ ముఖ్యం.’ అంతే, పాఠం అయిపోయింది. తెలిసినవాళ్లు రాస్తే అలా ఉండదు. ట్రీట్‌ను, అంటే బహుమతిగా ఇచ్చే చిరుతిండిని, ముక్కుకు ఆనించి, మెల్లగా తల మీదుగా వెనక్కి జరపమంటారు. తల పైకి లేస్తే పిరుదులు వాటంతటవే కిందికి దిగుతాయి. పిరుదులు నేలకు తగిలిన క్షణంలోనే ‘యస్’ అని ట్రీట్ ఇవ్వాలి. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే కూర్చున్నందుకు కాకుండా మళ్లీ లేచినందుకు ఇచ్చినట్టవుతుంది. పిల్ల ఎగురుతుంటే చెయ్యి మరీ ఎత్తులో ఉందన్నమాట. వెనక్కి నడుస్తుంటే గోడ దగ్గర చేయించాలి. నాలుగైదు సార్లు వచ్చాక చేతిలో ట్రీట్ లేకుండా అదే సైగ చేసి, ట్రీట్ రెండో చేత్తో ఇవ్వాలి. పుస్తకాన్ని తూచడానికి ఇదొక్కటే చాలు: ‘కుక్క అలా చేయకపోతే ఏం చేయాలి’ అన్నదానికి జవాబు ఉందా లేదా? లేకపోతే మిగతా పేజీలు తిప్పనక్కర్లేదు.

ఉత్త ఊకదంపుడైతే డబ్బుతోనే పోతుంది. ప్రమాదకరమైన సలహాలుంటేనే అసలు భయం. ట్రీట్ల జాబితాలో ఆపిల్, క్యారట్‌ల పక్కనే ద్రాక్ష, కిస్మిస్ కనిపిస్తే ఆ పుస్తకం వెంటనే మూసేయండి. అవి కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, కొన్నిటికి కొద్దిపాటి మోతాదు కూడా ముప్పే. ‘పీనట్ బటర్ పెట్టండి’ అని రాసి, అందులో జైలిటాల్ లేకుండా చూసుకోమని చెప్పకపోవడం కూడా అంతే. ఆ తీపి పదార్థం కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది.

ఇంకొకటి, ‘నువ్వే ఆల్ఫా (గుంపు మీద పెత్తనం చేసేవాడివి) అని చూపించు, వెల్లకిలా పడేసి అదిమిపట్టు’ అన్న పాత పాట. రుడాల్ఫ్ షెంకెల్ 1947లో బందీగా ఉన్న తోడేళ్లను చూసి రాసిన దాని నుంచి పుట్టిన ఆలోచన అది. ఆ మాటకు ప్రచారం తెచ్చినవాళ్లలో ఒకడైన తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1999లో వేసిన పత్రంలో, అడవిలోని గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలతో కూడిన కుటుంబమేనని, ‘ఆల్ఫా’ మాట అక్కడ పొసగదని తేల్చాడు. అయినా కాపీ కొట్టేవాళ్లకు ఆ కబురు ఇంకా అందలేదు. భయపడిన కుక్కను అదిమిపడితే కరుస్తుంది. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది, ఆ తర్వాత హెచ్చరిక లేకుండానే పళ్లు దించుతుంది.

వయసు లెక్కలూ తప్పే ఉంటాయి. రెండు నెలల పిల్ల పగటిపూట మూత్రం ఆపుకోగలిగేది మహా అయితే మూడు గంటలు, అంటే నెలల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చే లెక్క. అది కూడా గరిష్ఠం. దాన్ని ఎనిమిది గంటలు క్రేట్‌లో (కుక్కను ఉంచే పెట్టెలో) పెట్టమని రాసినవాడికి కుక్కపిల్ల గురించి ఏమీ తెలియదు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా మనుషులకూ చప్పుళ్లకూ దూరంగా ఉంచమనడం మరో రకం నష్టం. లోకానికి అలవాటుపడే వయసు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపు. మొదటి టీకా పడి కనీసం ఏడు రోజులయ్యాక, ఏడెనిమిది వారాల వయసులోనే కుక్కపిల్లల శిక్షణ క్లాసులు మొదలుపెట్టొచ్చని అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ చెబుతోంది.

ఇక జాతిపేరు పుస్తకాల సంగతి వేరే చెప్పాలి. ఒకే ఫైలులో ‘లాబ్రడార్’ తీసేసి ‘పగ్’ పెడితే కొత్త పుస్తకం తయారు! ఒకే రచయిత పేరుతో ఉన్న రెండు జాతుల పుస్తకాల ప్రివ్యూలు పక్కపక్కన తెరిచి, మూడో పేరా పోల్చి చూడండి. పగ్ పుస్తకంలో ఎండ గురించి, ఆయాసం గురించి, మెడ పట్టీకి బదులు ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ గురించి ఒక్క ముక్క లేకపోతే అది పగ్ కోసం రాసింది కాదు.

ప్రివ్యూను కూడా పూర్తిగా నమ్మొద్దు. చాలాచోట్ల కనిపించేది ఈబుక్ ఫైలు, కాగితం మీద వచ్చేది కాదు. రంగు ఫొటోలు చూసి కొంటే లోపల నలుపు తెలుపులో వస్తుంది. చేతి సైగలు చూపించే బొమ్మల వరుస బూడిదరంగు మచ్చలా మారుతుంది, వేళ్లు ఎటు చూపిస్తున్నాయో తెలియదు. వివరాల్లో లోపలి అచ్చు రంగా, నలుపు తెలుపా అన్నది రాసి లేకపోతే నలుపు తెలుపు అనే అనుకోండి. పేజీల సంఖ్య కూడా మాయే. ఆరు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల ఎత్తు ఉన్న పేజీలో మామూలు అక్షరాలైతే ఇంగ్లిష్‌లో మూడు వందల మాటలు పడతాయి, అక్షరాలు ఉబ్బించి వరుసల మధ్య ఖాళీ వదిలితే అందులో సగమే. చివర్లో ‘నోట్స్’ అని గీతలు గీసిన ఖాళీ పేజీలు అదనం. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో తెరిచిన పేజీ ఒక్కటి దొరికినా ఇదంతా బయటపడుతుంది.

రివ్యూలను తేదీలతో కలిపి చదవండి. పుస్తకం వచ్చి పదిరోజులు కాకుండానే పొగడ్తలు గుట్టలుగా పడి, ఒక్కదాంట్లో కూడా కుక్క పేరో, ఫలానా సమస్యో లేకపోతే అనుమానించాల్సిందే. రచయిత పేరు నొక్కితే అదే నెలలో అల్లికల మీద, షేర్ల మీద, ఉపవాసాల మీద కూడా పుస్తకాలున్నాయా? ‘సర్టిఫైడ్ ట్రైనర్’ అని వేసుకుంటే ఏ సంస్థ ఇచ్చిందో ఉండాలి. కుక్క శిక్షకులకిచ్చే సీపీడీటీ-కేఏ లాంటి అర్హత ఉన్నవాళ్ల పేర్లు, దాన్ని ఇచ్చిన సంస్థ డైరెక్టరీలో వెతుక్కోవచ్చు. ప్రచురణకర్త స్థానంలో ‘ఇండిపెండెంట్లీ పబ్లిష్డ్’ అని ఉన్నంతమాత్రాన, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) 979-8తో మొదలైనంతమాత్రాన పుస్తకం చెడ్డదని కాదు, మిగతావి మరింత గట్టిగా చూడాలని మాత్రమే. ఏఐతో తయారైందా అని అమెజాన్ 2023 సెప్టెంబరు నుంచి ప్రచురించేవాళ్లను అడుగుతోంది గానీ, ఆ జవాబును కొనేవాళ్లకు చూపించదు. కాబట్టి అట్ట మీది కుక్క కాళ్లు మీరే లెక్కపెట్టుకోండి, ఏఐ గీసిన బొమ్మలో అవి ఎక్కువో తక్కువో ఉండొచ్చు. తమాషాకు అనడం లేదు.

పార్సిల్ వచ్చాక పేరు రాయకండి, పేజీ మడవకండి. అట్ట ఒక పుస్తకానిది, లోపలి కాగితాలు ఇంకో పుస్తకానివి కావడం ఈ పద్ధతిలో జరిగేదే. పేజీలు తలకిందులుగా ఉన్నాయా, లోపలి అంచు అక్షరాలు జిగురులోకి పోయాయా చూడండి. చాలా కాపీల ఆఖరి పేజీలో అచ్చు వేసిన తేదీ, బార్‌కోడ్ ఉంటాయి. అట్ట, ఆ పేజీ, లోపమున్న పేజీ, పార్సిల్ లేబుల్ ఫొటోలు తీసుకుని, రిటర్న్ గడువు లోపలే పంపేయండి. కారణం దగ్గర నిజంగా లోపముంటే ‘లోపం ఉంది’ లేదా ‘వివరణకు తగ్గట్టు లేదు’ ఎంచుకోండి. ‘వద్దనుకున్నాను’ అని నొక్కితే తిప్పి పంపే ఖర్చు మీ మీద పడొచ్చు. వేరే సెల్లర్ దగ్గర కొంటే ‘రిటర్న్ లేదు’ అన్న షరతు ఉందేమో ఆర్డర్‌కు ముందే చూడాలి.

రివ్యూ రాసేటప్పుడు ‘వేస్ట్’ అని వదిలేయకండి. ఏ పేజీలో ఏ వాక్యం ఉంది, అది ఎందుకు తప్పు, ఇంత మాత్రం రాయండి. ద్రాక్ష పెట్టమన్న పేజీ ఉంటే దాని ఫొటో కూడా జతచేసి, పుస్తకం పేజీలో ఉండే ఫిర్యాదు లింకు ద్వారా అదే విషయాన్ని సైటుకూ పంపండి.