ఒలింపస్ ఈ-ఎం5 మార్క్ 2: రాత్రి బజారులో ఫస్ట్ క్లాస్, పబ్‌లో బోర్డర్ పాస్

రాత్రి ఫొటోలకు ఏ కెమెరా కొనాలని ఎవరిని అడిగినా ఒకటే జవాబు: ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ముక్కంత పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) తీసుకో. ఆ మాట తప్పని అనను. కానీ చార్మినార్ చుట్టుపక్కల రాత్రిళ్లు కొన్నేళ్లుగా నా చేతిలో ఉన్నది, అందులో నాలుగో వంతు సైజు సెన్సర్ ఉన్న ఒలింపస్ ఓఎం-డి ఈ-ఎం5 మార్క్ 2. 2015 నాటి మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మెగాపిక్సెళ్లు, వీడియో సంగతి ఇక్కడ చెప్పను. దీన్ని అమ్మకుండా ఉంచుకున్నది ఒక్కదాని కోసమే, లోపలి స్టెబిలైజేషన్. చేయి వణికితే ఆ వణుకుకు ఎదురుగా సెన్సరే జరుగుతుంది. ఐదు స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు లేదా సగం) కాపాడుతుందని కంపెనీ మాట. కంపెనీ లెక్కలను నేను మామూలుగా సగానికి కోసి చూస్తాను, ఈసారి ఆ అవసరం రాలేదు.

రంజాన్ చివరి వారంలో లాడ్ బజార్ అర్ధరాత్రి దాటినా కిటకిటలాడుతుంది. ట్రైపాడ్ తెరిచే చోటు ఉండదు, తెరిస్తే ఎవరో ఒకరి కాలికి తగులుతుంది. ఒక గాజుల దుకాణం ఎదుట గోడకు భుజం ఆనించి, మోచేతులు డొక్కలకు అదిమి, ఊపిరి సగం వదిలి నొక్కాను. 17 ఎంఎం లెన్స్, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/5.6, ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 200, షట్టర్ తెరిచి ఉండేది అర సెకను. చేత్తో అర సెకను ఏం వస్తుందిలే అనుకుంటూనే తీశాను. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే లక్క గాజుల మీద రాళ్లు విడివిడిగా ఉన్నాయి, ఒక్కో రాయిలో పైన వేలాడే బల్బు చుక్క కనిపిస్తోంది. వెనక అరల్లో పెట్టెల మీద రాసిన సైజులు, 2.4, 2.6, చదవొచ్చు. ముందు నుంచి వెళ్తున్న జనం మాత్రం రంగురంగుల చారలైపోయారు. అదే చోట సెకనులో వందో వంతు పెట్టి తీసిన ఫొటోలో ఆ జనమే బస్సు కోసం నిలబడ్డట్టు ఉన్నారు, రద్దీ అన్న మాటే లేదు.

దుకాణదారు కెమెరాలోకి తొంగి చూసి, "స్టాండ్ లేకుండానే తీశారా భాయ్?" అని గల్లా దగ్గరున్న తమ్ముణ్ని కూడా పిలిచి చూపించాడు.

అర సెకనుకు తీసిన ప్రతిదీ ఇలా రాదు. వరసగా మూడు నాలుగు తీస్తే ఒకటి పక్కాగా ఉంటుంది. పావు సెకను అయితే టెన్షన్ లేదు.

లెక్క కూడా చెబుతాను. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కు దీని మీద రెండు స్టాపుల ఆధిక్యం ఉంది. కానీ స్టెబిలైజేషన్ లేని ఫుల్ ఫ్రేమ్ బాడీ మీద, నా 17 ఎంఎం చూపించినంతే చూపించే 35 ఎంఎం లెన్స్‌తో చేత్తో నమ్మకంగా తీయాలంటే సెకనులో 40వ వంతు కావాలి. నేను అర సెకనుతో ఐఎస్ఓ 200లో తీసిన ఫొటోకు, అదే అపర్చర్ దగ్గర, అక్కడ ఐఎస్ఓ 4000 పెట్టాలి. నాలుగు స్టాపులు దాటింది. రెండు వదులుకుని నాలుగు తెచ్చుకున్నట్టే.

ఇదంతా కదలని వాటికే వర్తిస్తుంది. జూబ్లీహిల్స్‌లో ఒక పబ్‌లో మా ఫ్రెండ్ బ్యాండ్ వాయిస్తుంటే వెళ్తుంటాను. సెన్సర్ ఎంత కుదురుగా నిలబడినా సింగర్ నిలబడడు కదా. ఎఫ్/1.8లో, సెకనులో 125వ వంతు షట్టర్‌కు ఐఎస్ఓ 6400 పడుతుంది. నల్ల గోడల నిండా నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు), జుట్టు ముద్దగా వస్తుంది. లైన్‌కీ లైన్‌కీ మధ్య అతను ఊపిరి తీసుకునే క్షణం కోసం కాచుకుని, షట్టర్ 60వ వంతుకు దించితే కాస్త నయం. ఎర్ర లైటు పడ్డప్పుడు ముఖం రంగు ముద్ద అయిపోవడం ఏ కెమెరాతోనైనా ఉన్న గొడవే. వెలుగు ఒక స్టాపు తగ్గించి రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్) తీసుకుని, బాగుపడకపోతే బ్లాక్ అండ్ వైట్ చేసేస్తాను. (అలా చేసినవే బ్యాండ్ వాళ్లకు ఎక్కువ నచ్చాయి, వాళ్లకు కారణం చెప్పలేదు.) చప్పుడు రాకూడదని సైలెంట్ షట్టర్ పెడితే ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో నిండా అడ్డచారలు పడొచ్చు, మెకానికల్‌లోనే ఉంచండి. ఫోకస్ కోసం వెలిగే నారింజ రంగు లైటును మెనూలోకి వెళ్లి ముందే ఆపేయండి. చీకట్లో అది నేరుగా వాళ్ల ముఖం మీదే పడుతుంది.

ఇంకో మాట. ఈ స్టెబిలైజేషన్ ఫుల్ ఫ్రేమ్‌లోనూ దొరుకుతుంది, 2014 నాటి సోనీ ఏ7 మార్క్ 2లోనే ఉంది. 2018 నాటి ఏ7 మార్క్ 3, నికాన్ జెడ్6లోనూ ఉంది. పైన నేను చెప్పుకున్న నాలుగు స్టాపుల గొప్ప వాటి ముందు చెల్లదు. బడ్జెట్ ఉండి, రాత్రంటే మీకు డాన్స్ ఫ్లోర్, సంగీత్ అయితే అటే వెళ్లండి. డబ్బు తీసుకుని ఈవెంట్లు చేసేవాళ్లకు దీన్ని చెప్పను.

నాకు ఫొటోలు ఆఫీసు తర్వాతి పని. బాడీ, 17 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కలిపి 600 గ్రాముల లోపే, లాప్‌టాప్ బ్యాగులోనే పడి ఉంటుంది. నా రాత్రుల్లో ఎక్కువ భాగం దుకాణాలు, టీ కొట్లు, మెట్ల మీద కూర్చుని కబుర్లాడే మనుషులు. వాళ్లు అర సెకను కదలకుండా ఉంటారు, చాలాసార్లు.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అమ్మేవాళ్ల ముందే స్టెబిలైజేషన్ ఆపి ఒకటి, పెట్టి ఒకటి, రెండూ పావు సెకను షట్టర్‌తో తీసి పెద్దవి చేసి చూడండి. తేడా లేకపోతే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.